స్లిప్పు ఏ పేజీ దగ్గర ఆగింది?

చిరంజీవి చిట్టికి,

పెద్దమ్మ ఆశీస్సులు. చదివిన నవలల మీద నువ్వు సమీక్షలు రాసి పంపిన ఆరు పేజీలూ రెండుసార్లు చదివాను. ఒకసారి ఊరికే, ఇంకోసారి చేతిలో పెన్సిల్ పట్టుకుని. మూడు నెలల్లో ఐదు నవలలు, అవీ ఐదు రకాలు! ఒకటి హత్య, ఒకటి అంతరిక్షం, ఒకటి చరిత్ర, ఒకటి డ్రాగన్లూ ప్రేమా, ఇంకొకటి దెయ్యాల కొంప. ముచ్చటేసింది. నీ వయసులో నేను ఒకే రచయిత్రిని పట్టుకుని ఏడాది పొడుగునా వేళ్లాడేదాన్ని.

"మొహమాటం లేకుండా చెప్పు పెద్దమ్మా" అన్నావు కాబట్టి చెబుతున్నాను. అలగకూడదు మరి.

ఆరు పేజీల్లో నాలుగున్నర పేజీలు కథే. మిగిలిన ఒకటిన్నరలో "బాగుంది" అని పదకొండుసార్లు, "పేజీలు వాటంతటవే తిరిగాయి" అని మూడుసార్లు. పేజీలు వాటంతటవే తిరగాలంటే ఫ్యాను కింద పెట్టినా చాలు. కథంటావా, అట్ట వెనకాల ఎలాగూ అచ్చేస్తారు. నువ్వు తప్ప ఇంకెవరూ చెప్పలేనిది ఒకటుంది. ఏ పేజీ దగ్గర నిద్ర ఎగిరిపోయింది, ఏ పేజీ దగ్గర పుస్తకం బోర్లించి లేచిపోయావు, ఎందుకు లేచిపోయావు. అది నీ ఉత్తరం మొత్తంలో ఒక్కచోటే కనిపించింది. ఎక్కడో తరవాత చెబుతాను.

పత్రికకి పుస్తకాల మీద రాసిన ఇరవై ఏళ్లూ నాకు ఆసరా ఒక కాగితం ముక్క. పాత కవరు చింపి, రెండు వేళ్ల వెడల్పున స్లిప్పు చేసి పుస్తకంలో పెట్టుకుంటాను. చదువుతూ ఆగిన ప్రతిచోటా పేజీ నంబరు, పక్కన నాలుగు ముక్కలు. ఆలోచించి రాసేది కాదు, ఆ క్షణాన నోట్లోంచి ఏమొస్తే అదే. నీ ఉత్తరం అందాక ఆ దెయ్యాల కొంప నవల నేనూ తెప్పించుకుని చదివాను. నా స్లిప్పు ఉన్నదున్నట్టు ఇక్కడ దించుతున్నాను:

"38 – మేడమీద గది తలుపు. పట్టేసింది. 71 – వీళ్లు ఇల్లు ఖాళీ చేసి పోరేం? 112 – మళ్లీ అదే ప్రశ్న. 140 – లేచి హాల్లో లైటు వేసొచ్చాను. 203 – నెత్తురు. 204 – నెత్తురు. 209 – ఆవలింత."

చూశావా, రాయాల్సినదంతా ఇందులోనే ఉంది. 140లో ఏమైందని వెనక్కి వెళ్లి చూస్తే ఏమీ కాలేదు! పాప మెట్లమీద కూర్చుని ఎవరితోనో మాట్లాడుతోంది, అవతలి గొంతు మనకి వినిపించదు, అంతే. 203లో రచయిత అన్నీ చూపించేశాడు, నాకు ఆవలింత వచ్చింది. స్టీఫెన్ కింగ్ 1981లో భయం సాహిత్యం మీద ఒక పుస్తకం రాస్తూ ఈ సంగతి మూడు మెట్లుగా చెప్పాడు. కనబడనిదాన్ని ఊహించుకుని వణకడం పైమెట్టు, కళ్లెదుట వికృతాన్ని చూసి జడుసుకోవడం దాని కింద, ఒళ్లు జలదరించే రోత అట్టడుగున. తనకి పైమెట్టు అందకపోతే కిందివాటికి దిగడానికి సిగ్గుపడనని కూడా ఒప్పుకున్నాడు. ఈ నవల పైమెట్టు మీద మొదలై అట్టడుగుకి జారింది, జారింది ఫలానా చోట, అని రాస్తే చదివేవాడికి పుస్తకం చేతిలో పెట్టినట్టు ఉంటుంది. ఇక 71లో పుట్టిన ప్రశ్నకి రచయిత చివరిదాకా జవాబివ్వలేదు. దెయ్యాల ఇల్లు రాసేవాడికి అది కట్టక తప్పని బాకీ. "భయంకరంగా బాగుంది" అన్నావు నువ్వు. భయంకరమా, బాగుందా, ఎంతదాకా?

ఇక జపాన్ రచయిత హిగాషినో 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్'. "హత్య ఎవరు చేశారో మొదట్లోనే చెప్పేశాడు, సస్పెన్స్ చచ్చిపోయింది" అని విసుక్కున్నావు. చిట్టీ, అది రచయిత చెయ్యి జారడం కాదు, కావాలని తెరిచి పెట్టిన తలుపు. తల్లీకూతుళ్ల చేతిలో ప్రాణం పోవడం, పక్కింటి లెక్కల మాస్టారు సాయానికి రావడం మన కళ్లముందే జరుగుతాయి. "ఎవరు?" అన్న ప్రశ్నని అక్కడే పక్కన పడేసి, "ఈ మాస్టారు దీన్ని ఎలా కప్పిపెట్టాడు?" అన్న ప్రశ్న చేతిలో పెట్టాడాయన. ఆయన అడగని ప్రశ్నకి జవాబు రాలేదని నువ్వు మార్కులు కోశావు. అమెరికన్ రచయిత జాన్ అప్‌డైక్ 1975లో సమీక్షకులకి కొన్ని నియమాలు రాశాడు. మొదటిదే ఇది: రచయిత ఏం చేయదలచుకున్నాడో ముందు తెలుసుకో, ఆయన తలపెట్టనిది చేయలేదని తప్పుపట్టకు. ఏ రకం నవలైనా మొదటి అధ్యాయాల్లో మనకొక మాట ఇస్తుంది. స్లిప్పు మీద మొట్టమొదట ఆ మాట రాసుకో. తరవాత గీసే గీతలన్నీ ఆ మాట నిలబడిందా, ఎక్కడ తప్పింది అన్న లెక్కే.

ఇంకోటి. ఆ పుస్తకం జపనీస్‌లో 2005లో వచ్చింది, ఇంగ్లిష్‌లో 2011లో. నువ్వు చదివింది అనువాదం. "వచనం పొడిపొడిగా ఉంది" అన్నావు, ఆ పొడి ఎవరిదో నీకూ తెలీదు, నాకూ తెలీదు. "నేను చదివిన అనువాదంలో" అన్న మాట చేర్చు, చాలు.

రచయిత మోసం చేశాడనిపిస్తే? అనిపిస్తుంది, ఈ రకంలో తరచూ అనిపిస్తుంది. 1926లో అగాథా క్రిస్టీ 'ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్' వచ్చినప్పుడు ఇది అన్యాయం అని కొందరు పాఠకులు మండిపడ్డారు. మూడేళ్లకి రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లిష్ రచయిత డిటెక్టివ్ కథలకి పది కట్టుబాట్లు రాశాడు. నేరస్థుడు కథ మొదట్లోనే కనబడి ఉండాలి, రహస్య గదులు ఒకటికి మించకూడదు, కవలల్ని దించాలంటే ముందే సిద్ధం చెయ్యాలి, ఇలా. నిన్నవి బట్టీ పట్టమనడం లేదు. పుస్తకం అయిపోయిన రాత్రే మొదటి మూడు అధ్యాయాలు మళ్లీ చదువు. ఆధారం అక్కడ మన కళ్లెదుటే ఉండి మనమే దాటిపోయామా, అసలు లేనే లేదా? మొదటిదైతే టోపీ తియ్యి, రెండోదైతే ధైర్యంగా తిట్టు. అక్రాయిడ్‌కి నేనలా చేశాను, టోపీ తీశాను. కిటుకేమిటో మాత్రం ఇక్కడ చెప్పను.

చెప్పకపోవడం నేను దెబ్బతిని నేర్చుకున్నాను. పత్రికలో ఒక నవల గురించి రాస్తూ హంతకుడి పేరు చెప్పలేదు, బుద్ధిగానే ఉన్నాను. కానీ "ఆఖరి ఇరవై పేజీల్లో అంతా తలకిందులవుతుంది" అని రాశాను. అప్పుడు మీ పెద్దనాన్న సరిగ్గా ఆ పుస్తకమే చదువుతున్నారు. అందరికంటే మంచివాడిగా కనబడుతున్నవాడెవడో చూసుకుని, ఇంకా నూట యాభై పేజీలుండగానే పుస్తకం మూసి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. రెండు రోజులు మాటల్లేవు. మలుపు ఉందని చెప్పడం కూడా మలుపు చెప్పడమే. "ట్విస్టు ఊహించలేరు" అని నువ్వు రాసిన వాక్యం కొట్టేశాను, పెన్సిల్‌తో కాదు, పెన్నుతో.

'ది మార్షియన్' గురించి "సైన్సంతా పక్కా" అని తేల్చేశావు. ఆ మాటకి ముందు ఒక్కసారి పుస్తకం మొదటికి వెళ్లు. హీరోని అంగారకుడి మీద ఒంటరిని చేసింది పెనుతుఫాను కదా. అక్కడి గాలి భూమి మీది గాలిలో నూటికి ఒక వంతు మందం కూడా ఉండీ లేనట్టు ఉంటుంది. ఎంత వేగంగా వీచినా మనుషుల్ని ఎత్తి పడెయ్యదు. రచయిత ఆండీ వీర్ కూడా ఈ సంగతి దాచలేదు, కథ కోసం తెలిసే చేశానన్నాడు. అయితే ఇది తప్పా? నన్నడిగితే కాదు. పునాదిలో ఒక అబద్ధం వేసుకుని, పైన గోడలన్నీ కొలిచి కట్టాడు. నీళ్లెన్ని లీటర్లు, బంగాళాదుంపలెన్ని, అవి ఎన్ని రోజులకి సరిపోతాయి, ప్రతిదానికీ లెక్క చూపించాడు. సైన్స్ నవలలో అడగాల్సింది నిజమా కాదా అని మాత్రమే కాదు. తను పెట్టుకున్న రూల్సుని తనే ఇబ్బందొచ్చినప్పుడు మార్చేశాడా అని. మార్చేసిన చోటు దొరికితే పేజీ నంబరు వేసుకో.

"ఒక గండం గట్టెక్కగానే ఇంకో గండం, కాస్త అలుపొచ్చింది" అని అదే పేజీ అంచున చిన్నక్షరాలతో రాసి వదిలేశావు. అసలు రాయాల్సింది అదమ్మా! ఆ నవల ముందు ఆయన సొంత వెబ్‌సైట్లో అధ్యాయం తరవాత అధ్యాయంగా వచ్చింది, 2011లో ఈబుక్ అయింది, 2014లో పెద్ద ప్రచురణకర్తలు తీసుకున్నారు. విడతలుగా రాసేవాడు ప్రతి విడత చివరా మనిషిని అంచున నిలబెట్టాలి. వారానికో విడతగా సీరియల్స్ చదివినవాళ్లం కదా, ఆ కుదుపు మాకు ఒంటికి తెలుసు. వారం వారం చదివితే ఆత్రంగా ఉండేది పుస్తకంగా వరసపెట్టి చదివితే అలుపొస్తుంది. నీకు తెలీకుండానే పుస్తకం పుట్టుక పట్టుకున్నావు, పట్టుకుని అంచుకి తోసేశావు.

'ఫోర్త్ వింగ్' దగ్గర నాకు కోపమొచ్చింది, పుస్తకం మీద కాదు, నీ మీద. "ఏదో టైంపాస్‌కి చదివాలే" అని మొదలుపెట్టావు. మీ అమ్మ ఫోన్లో చెప్పింది, రెండు రాత్రుల్లో పూర్తి చేశావట, మూడో రోజు పగలంతా పడుకున్నావట. మరి ఆ సిగ్గెందుకు? నిన్ను రెండు రాత్రులు కూర్చోబెట్టిన పుస్తకానికి ఆ పాటి మర్యాద ఇవ్వాలి. ప్రేమకథలో ఇద్దరూ కలుస్తారని అట్ట చూడగానే తెలుస్తుంది, "ముగింపు ముందే ఊహించాను" అనడం గొప్పేం కాదు. వాళ్లని విడదీస్తున్నదేమిటో చూడు. ఐదు నిమిషాలు కూర్చుని మాట్లాడుకుంటే తీరిపోయే అపార్థమైతే పుస్తకం బలహీనం. ఇక్కడ హీరో తండ్రికి మరణశిక్ష దగ్గరుండి అమలు చేయించింది ఈ అమ్మాయి తల్లి. మాటలతో పోయే అడ్డు కాదది. అంతవరకు రచయిత్రికి పూర్తి మార్కులు. డ్రాగన్ల కాలేజీలో పిల్లలు అన్నేసిమంది చచ్చిపోతుంటే మనకి నిజంగా బాధేసిందా, లెక్కే కనబడిందా అన్నది నువ్వు చెప్పాలి, నేనింకా సగంలో ఉన్నాను.

స్టార్ల సంగతి రెండు ముక్కల్లో. అయిదింటికీ నాలుగేసి ఇచ్చావు. అంటే ఎవరికీ ఏమీ ఇవ్వనట్టే.

ఇప్పుడు నీ ఉత్తరంలో నాకు నచ్చిన ఆ ఒక్క చోటు. 'వుల్ఫ్ హాల్'. "ఎవరు మాట్లాడుతున్నారో తెలీక వెనక్కీ ముందుకీ తిరిగి తిరిగి, నూరో పేజీ దగ్గర మూసేశాను. మొద్దునేమో అనిపించింది." చివరి వాక్యం తీసేస్తే మిగతాదంతా బంగారం. హిలరీ మాంటెల్ ఆ నవలలో ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్‌ని పేరు పెట్టి పిలవకుండా చాలాచోట్ల "అతను" అంటుంది. గదిలో నలుగురు మగవాళ్లుంటే ఏ "అతనో" తెలీక తికమకే. 2009లో బుకర్ బహుమతి వచ్చిన పుస్తకమే, అయినా ఈ ఫిర్యాదు నువ్వొక్కదానివే చెయ్యలేదు. 2012లో వచ్చిన రెండో భాగంలో ఆవిడే చాలాచోట్ల "అతను, క్రామ్‌వెల్" అని విడమరిచింది. అర్థం కాని ప్రతి "అతను" క్రామ్‌వెలే అనుకుని ఒక యాభై పేజీలు ఓపిక పట్టి చూడు. ఆ రాజు భార్య ఆన్ బొలీన్‌కి 1536లో తల తీయించారని మనకి తెలుసు. అక్కడున్నవాళ్లకి తెలీదు. కథంతా వర్తమానంలో నడపడం అందుకే అని నాకనిపిస్తుంది. అంత చేసినా నచ్చకపోతే మానెయ్, కానీ "నూరు పేజీలే చదివాను" అన్న మాట మాత్రం దాచకు.

నేను దాచాను ఒకసారి. గడువు తరుముతోంటే ఒక లావుపాటి నవల సగం చదివి, "రెండో సగంలో పట్టు సడలింది" అని రాసి పంపేశాను. రెండో సగం నేను తెరవనే లేదు. అచ్చయ్యాక మనసు ఒప్పక చదివాను. మొదటి సగం సాగదీతంతా ఎందుకో అక్కడ తెలిసింది, పుస్తకానికి ప్రాణం ఆ రెండో సగమే. నన్నెవరూ పట్టుకోలేదు, అదే ఎక్కువ బాధ. ఆర్వెల్ 1946లో పుస్తక సమీక్షకుడి బతుకు మీద ఒక వ్యాసం రాశాడు. ఏమీ అనిపించని పుస్తకాల గురించి ఏదో అనిపించినట్టు కల్పించుకుంటూ పోవడమే ఆ పని అంటాడు. నీకు జీతమిచ్చి రాయించేవాళ్లెవరూ లేరు కదా, స్లిప్పు ఖాళీగా మిగిలిన పుస్తకం గురించి రాయకు.

ఐదూ తిరగరాయొద్దు. దెయ్యాల కొంప ఒక్కటే, రెండు పేజీల్లో. కథకి ఐదు వాక్యాలు మించనివ్వను. నా స్లిప్పు పక్కన పెట్టేసి నీది నువ్వు చేసుకో, 140 దగ్గర నీకు నవ్వొచ్చి ఉంటే నవ్వొచ్చిందనే రాయి, నేనేమీ అనుకోను.

అన్నట్టు, ఆ సస్పెక్ట్ ఎక్స్ ఇప్పుడు మీ పెద్దనాన్న చేతిలో ఉంది. స్లిప్పు ఇంకా రెండో అధ్యాయం దగ్గరే. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఆయనే ఎత్తుతారు, నోరు జారకు.

ప్రేమతో,
పెద్దమ్మ