పాస్‌వర్డ్ తెలిసిన పీడీఎఫ్ గురించి అబ్బయ్యకు

అబ్బయ్యా,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను మైపాడు గేటు దగ్గర ఆటోలో ఉన్నాను. నీ మాట సగమే వినబడింది, మిగతా సగం హారన్లలో కొట్టుకుపోయింది. నాకు అర్థమైంది ఇదీ. రొయ్యల గుంటలాయన లోను కోసం ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్లు తెచ్చాడు. పన్నెండు పీడీఎఫ్‌లు, పన్నెండింటికీ పాస్‌వర్డ్ ఉంది, అదేమిటో ఆయనే చెప్పాడు. అన్నీ ఒకే ఫైలుగా కలిపి, పాస్‌వర్డ్ లేకుండా పంపమంటున్నారు బ్యాంకు వాళ్ళు. నువ్వేమో ‘పీడీఎఫ్ పాస్‌వర్డ్ రిమూవర్ ఫ్రీ’ అని వెతికితే కుప్పలు కుప్పలుగా వచ్చాయి, ఏది దించుకోవాలో తెలియక టెన్షన్ పడుతున్నావు.

ఏదీ దించకు. స్టోన్‌హౌస్‌పేటలో ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర ముప్పై ఏళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి, ఈ విషయంలో నేను తిన్న దెబ్బలు నువ్వు తినక్కర్లేదు.

అసలు తిరకాసు నువ్వు వెతికిన మాటలోనే ఉంది. ‘రిమూవర్’ అని వెతికితే వచ్చేవాటిలో చాలా భాగం పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ళ కోసం అమ్మే సరుకు. అవి అక్షరాలూ అంకెలూ మార్చి మార్చి తాళం పగలగొట్టాలని చూస్తాయి. నీ దగ్గర తాళంచెవే ఉంది కదా! తలుపు తీశాక లోపలి సామాను ఇంకో గదిలో పెట్టుకోవడమే నీ పని. పాస్‌వర్డ్ కొట్టి తెరిచిన ఫైలుకు తాళం లేని కాపీ ఒకటి తీసుకుంటే చాలు.

ఒక ఏడాది జూలైలో, రిటర్నుల గడువు దగ్గరపడి ఆఫీసు సంతలా ఉన్నప్పుడు, నేనూ ఇలాంటిదే ఒకటి దించాను. పేరు చెప్పను. ఫ్రీ అనే రాసి ఉంది. తీరా చూస్తే ఫైల్లో మొదటి రెండు పేజీలకే తాళం తీసింది, మిగతావాటికి డబ్బు కట్టమంది. దాంతో పాటు బ్రౌజర్ తెరిస్తే ఎప్పుడూ చూడని పేజీ ఏదో రావడం మొదలైంది. ఆ కంప్యూటర్లో వంద మంది పాన్ వివరాలున్నాయి. మా సారు ఆ రోజు నన్ను తిట్టిన తిట్లు నీకు రాయలేను.

సరే, పని సంగతి. అన్నిటికన్నా తేలిక దారి నీ షాపులో ఇప్పటికే ఉంది. ఫైలును క్రోమ్ కిటికీలోకి లాగి వదులు. పాస్‌వర్డ్ అడుగుతుంది, కొట్టు. తెరుచుకున్నాక కంట్రోల్ పీ నొక్కి, ప్రింటర్ పేరు ఉండే చోట ‘సేవ్ యాజ్ పీడీఎఫ్’ ఎంచుకుని దాచుకో. అలా దాచిన ఫైలుకు పాస్‌వర్డ్ ఉండదు. పైన కనిపించే డౌన్‌లోడ్ గుర్తు మాత్రం నొక్కకు, దానితో తాళం ఉన్న పాత ఫైలే మళ్ళీ వస్తుంది. చాలామంది అక్కడే పొరబడి, పని చేయలేదంటారు.

ఒకటి రెండు ఫైళ్ళకైతే ఇది చాలు. కానీ ఇది నిజానికి కాగితం బదులు ఫైలు మీద ప్రింటు తీయడమే. లింకులూ బుక్‌మార్కులూ పోతాయి. పైగా పాస్‌వర్డ్‌తో తెరుచుకున్నా ప్రింటుకు ఒప్పుకోని ఫైళ్ళు కొన్ని ఉంటాయి. పీడీఎఫ్‌కు తాళాలు రెండు రకాలు మరి. ఒకటి తెరవడానికి, రెండోది తెరిచాక ప్రింటు, కాపీ, మార్పులు చేయడానికి. గుంటలాయన స్టేట్‌మెంటు ఆయన సొంతం కాబట్టి పేచీ లేదు. ఎవరిదో పుస్తకం తెచ్చి ‘ఈ ప్రింటు తాళం తీసిపెట్టు’ అని ఎవరైనా అడిగితే మాత్రం నీకు రాదని చెప్పు.

పన్నెండు ఫైళ్ళంటే నేను క్యూపీడీఎఫ్ అనే ప్రోగ్రాం వాడతాను. డబ్బులు కట్టక్కర్లేదు, ప్రకటనలు ఉండవు, దాని కోడ్ అంతా గిట్‌హబ్ అనే సైట్లో అందరికీ కనబడేలా ఉంటుంది. విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ పనిచేస్తుంది. ఒక్కటే ఇబ్బంది, బటన్లు ఉండవు, ఆజ్ఞ టైప్ చేయాలి. భయపడకు, నాకు యాభై దాటాకే వచ్చింది.

విండోస్ జిప్ ఫైలు గిట్‌హబ్ నుంచే దించి విప్పు. లోపల ‘బిన్’ అనే ఫోల్డరు ఉంటుంది, గుంటలాయన ఫైళ్ళు పన్నెండూ దాంట్లోకే కాపీ చెయ్యి. ఆ ఫోల్డరు తెరిచి పైన అడ్రస్ పట్టీలో సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కితే నల్ల కిటికీ వస్తుంది. ఇక నేను చెప్పిన వరుసలోనే, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైప్ చెయ్యి. ముందు క్యూపీడీఎఫ్, ఒక ఖాళీ. రెండు అడ్డగీతలు, వాటిని ఆనుకుని పాస్‌వర్డ్ అనే మాట, ఈక్వల్ గుర్తు, వెంటనే గుంటలాయన చెప్పిన అసలు పాస్‌వర్డ్. దీన్ని మాత్రం ఆయన చెప్పింది చెప్పినట్టే, పెద్దక్షరాలుంటే పెద్దవే కొట్టాలి. ఒక ఖాళీ. మళ్ళీ రెండు అడ్డగీతలు, ఆనుకుని డిక్రిప్ట్. ఒక ఖాళీ. పాత ఫైలు పేరు. ఒక ఖాళీ. కొత్త ఫైలు పేరు. ఎంటర్. ఏమీ మాట్లాడకుండా మళ్ళీ మామూలు వరుసకు వచ్చిందంటే పని అయినట్టే, ఆ మౌనం చూసి కంగారు పడకు. పాస్‌వర్డ్ తప్పైతే తప్పని చెబుతుంది. రెండో ఫైలుకు ఇదంతా మళ్ళీ కొట్టక్కర్లేదు, పైబాణం నొక్కితే పాత వరుసే వస్తుంది, ఫైలు పేర్లు మార్చుకో.

ఫైలు పేర్ల మధ్య ఖాళీలుంటే పేరుకు అటూ ఇటూ డబుల్ కోట్స్ పెట్టాలి. అంతకన్నా ముందే 01, 02, 03 అని పేర్లు మార్చుకుంటే ఆ గొడవే ఉండదు, కలిపేటప్పుడూ పనికొస్తుంది. నెలల పేర్లతో ఉంచితే ఇంగ్లీషు అక్షరాల వరుసలో ఏప్రిల్ తర్వాత ఆగస్టు, ఆ తర్వాత డిసెంబరు వచ్చి కూర్చుంటాయి. అలా కలిసిన ఫైలు చూసి మేనేజరు నిన్నే అంటాడు.

నల్ల కిటికీ వద్దే వద్దంటావా, పీడీఎఫ్24 క్రియేటర్ అని జర్మనీ వాళ్ళది ఒకటి ఉంది, విండోస్‌కు ఉచితం. తాళం తీయడం, ఫైళ్ళు కలపడం రెండూ బటన్లతోనే అయిపోతాయి. అయితే దించుకుని వాడు. వాళ్ళ వెబ్‌సైట్లోనూ అవే పనిముట్లు ఉంటాయి, కానీ అక్కడ చేస్తే ఫైలు వాళ్ళ సర్వర్‌కు వెళ్తుంది. లిబ్రే ఆఫీసు అనే ఉచిత ప్రోగ్రాంతోనూ ఈ పని చేయొచ్చంటారు. తెలుగు ఉన్న ఫైళ్ళకు అది నాకు నచ్చలేదు, వత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట పడ్డాయి.

ఆన్‌లైన్‌లో ఫైలు ఎక్కిస్తే తాళం తీసి ఇచ్చే సైట్ల గురించి నువ్వు అడిగావు. గంటలో చెరిపేస్తాం, రెండు గంటల్లో చెరిపేస్తాం అని వాళ్ళు రాసుకుంటారు. చెరిపారో లేదో నువ్వు వెళ్ళి చూడలేవు. ఆ స్టేట్‌మెంట్లో మేత ఎవరి దగ్గర కొన్నాడు, సరుకు ఎవరికి పోశాడు, ఎంత బాకీ ఉంది, అన్నీ ఉంటాయి. పైగా ఫైలుతో పాటు పాస్‌వర్డ్ కూడా ఇచ్చేస్తావు. వేరేవాళ్ళ కాగితాలకు ఆ దారి వద్దు, అంతే.

నీ షాపుకు వచ్చేవాళ్ళలో సగం మందికి పాస్‌వర్డ్ ఏమిటో తెలియదు, కానీ అది వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఈ-ఆధార్‌కు పేరులో మొదటి నాలుగు అక్షరాలు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, వెంటనే పుట్టిన సంవత్సరం. మనవాళ్ళకు ఇంటిపేరు పొట్టక్షరం ముందుంటుంది కదా, అక్కడే తప్పు జరుగుతుంది. పి. కుమార్ అని కార్డులో ఉంటే పి, చుక్క, కె, యు అని కొట్టాలి, చుక్క కూడా లెక్కే, ఖాళీ లెక్కలోకి రాదు. పన్ను జమల పట్టిక ఫారం 26ఏఎస్‌కు పుట్టినతేదీ ఎనిమిది అంకెల్లో. ఏడాది లావాదేవీలు చూపే ఏఐఎస్‌కు పాన్ నంబరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, వెనకే పుట్టినతేదీ. పెద్దవయసు వాళ్ళకు ఆధార్‌లో ఒక తేదీ, పాన్‌లో ఇంకో తేదీ ఉండటం మామూలే. 26ఏఎస్‌కూ ఏఐఎస్‌కూ పాన్‌లో ఉన్న తేదీతో ప్రయత్నించు. బ్యాంకులైతే ఒక్కొక్కరిదీ ఒక్కో పద్ధతి, ఫైలుతో వచ్చిన మెయిల్లోనే రాసి ఉంటుంది.

ఇంకో మాట మర్చిపోకముందే చెప్పాలి. తాళం తీశాక పాత ఫైలు పారేయకు. ఈ-ఆధార్ లాంటివాటిలో డిజిటల్ సంతకం ఉంటుంది. క్రోమ్‌తో తీసినా, క్యూపీడీఎఫ్‌తో తీసినా కొత్త కాపీలో ఆ సంతకం చెల్లదు, ఫైలు మారిపోయింది కాబట్టి. నేను ఒకసారి చోటు కలిసొస్తుందని పాతవన్నీ చెరిపేశాను. తర్వాత ఒక ఆఫీసులో సంతకం ఉన్న అసలు ఫైలే కావాలని కూర్చున్నారు. మూడు కుటుంబాల వాళ్ళను మళ్ళీ పిలిపించి, ఓటీపీలు చెప్పించుకుని దించుకోవాల్సి వచ్చింది. అందులో ఒకాయన ఫోను చెరువులో పడిపోయి ఉంది, ఆయన సంగతి నీకు ఎదురుగా చెబుతాను.

తాళం తీసిన కాపీని మాత్రం పని అయ్యాక నీ సిస్టంలో ఉంచకు. డౌన్‌లోడ్స్‌లో, రీసైకిల్ బిన్‌లో, క్యూపీడీఎఫ్ ‘బిన్’ ఫోల్డర్లో, వాట్సాప్ వెబ్‌లో, అన్నిచోట్లా చూసి తీసెయ్. అదే కంప్యూటర్ మీద రోజుకు ఎంతమంది కూర్చుంటారో నీకే తెలుసు.

శనివారం అల్లూరు వస్తున్నాను, క్యూపీడీఎఫ్ పెన్‌డ్రైవ్‌లో తెస్తాను. ఈలోగా గుంటలాయన తొందర పెడితే క్రోమ్‌తో కానిచ్చెయ్. నా ఉత్తరం అందేలోపే ఆ రిమూవర్లలో ఏదైనా దించేసి ఉంటే దాచకుండా చెప్పు, నేను వచ్చి చూసేదాకా ఆ సిస్టంలో ఎవరి బ్యాంకు పనీ పెట్టుకోకు.

ఆశీస్సులతో,
మీ పెద్దనాయన