త్వరగా పెరిగే చెట్టు వద్దు, పొన్న నాటండి

చిన్నమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీలాంగరైలో మీ అపార్ట్‌మెంట్ వాళ్లంతా కలిసి చెట్లు నాటుతున్నారని, త్వరగా పెరిగే చెట్టేదో చెప్పమని అడిగావు. ఆ తొందర వద్దమ్మా. 2016 డిసెంబరులో వర్దా తుపానుకి మద్రాసు రోడ్ల మీద ఎన్ని తురాయి చెట్లు అడ్డంగా పడ్డాయో గుర్తుందిగా? అవన్నీ గబగబా ఎదిగినవే. పొన్న నాటండి. నిదానంగా పెరుగుతుంది కానీ కలప గట్టిది. ఉప్పుగాలిని తట్టుకుంటుంది, ఇసుక నేలలోనూ బతుకుతుంది.

మైలాపూరు కపాలీశ్వరుడి గుడిలో స్థలవృక్షం ఇదే. అమ్మవారు నెమలి రూపంలో శివుణ్ణి పూజించింది పొన్న కిందేనని స్థలపురాణం. మన వైపు బ్రహ్మోత్సవాల్లో స్వామి ఊరేగే పొన్నవాహనం కూడా ఈ చెట్టు పేరు మీదే. ఈసారి గుడికి వెళ్తే ఆకు జాగ్రత్తగా చూడు. మందంగా నిగనిగలాడుతూ, నడిమి ఈనెకు రెండు వైపులా దువ్వెనతో గీసినట్టు సన్నటి ఈనెలుంటాయి. అది గుర్తు పెట్టుకుంటే నర్సరీలో ఇంకేదో అంటగట్టలేరు. తెల్లటి పూలు, మధ్యలో పసుపు కేసరాలు, ఎంత మంచి వాసనో! తేనెటీగలు వదలవు.

నన్నడిగితే మొక్క కొనేకంటే గింజ నుంచి పెంచుకోవడమే మేలు. చెట్టు కింద రాలిన కాయలు ఏరుకో. పైతోలు తీస్తే గుండ్రటి గట్టి పెంకు కనిపిస్తుంది. కాయ సముద్రం మీద తేలుతూ పోయి ఏ దూరపు ఒడ్డునో మొలుస్తుంది, లోపలి పప్పుకి ఆ పెంకే కాపు. పసిఫిక్ దీవుల్లోనూ ఈ చెట్టుంది మరి. మనకు మాత్రం ఆ పెంకే అడ్డు. అలాగే పాతితే మొలకకు దాదాపు రెండు నెలలు, పెంకు తీస్తే మూడు వారాలు. సుత్తితో కొట్టకు, పప్పు చితికిపోతుంది. కటింగ్ ప్లేయర్‌తో అంచున మెల్లగా నొక్కి, పగులు రాగానే వేళ్లతో విడదీయి. ఇసుక కలిపిన మట్టిలో, నర్సరీ కవర్లో పెట్టి నీడన ఉంచు. మొక్క బలపడ్డాక అక్టోబరు వానలకు నేలలో నాటండి. మొదటి వేసవుల్లో మాత్రం నీళ్లు మానొద్దు.

కరెంటు తీగల కింద, కార్లు పెట్టే చోట వద్దు, కాయలు రాలతాయి. బీచ్ ఇసుకలో అసలే వద్దు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు అక్కడికొచ్చి గుడ్లు పెడతాయి. వాటికి ఖాళీ ఇసుక కావాలి. పచ్చదనం పేరుతో అక్కడ గుంతలు తీస్తే వాటి నోట మట్టి కొట్టడమే. ఈ మాట మీ మీటింగ్‌లో గట్టిగా చెప్పు.

చెట్టు కాపుకొచ్చాక గబ్బిలాలొస్తాయి. ఎవరో ఒకరు చెట్టు కొట్టేయమంటారు. కాయ గుజ్జు తిని గింజను దూరంగా వదిలేది అవేనని, టెన్షన్ పడొద్దని నచ్చజెప్పు. గింజల నూనె పూర్వం దీపాలకు, పడవ చెక్కలకు వాడేవారు. ఇప్పుడు ‘తమాను (tamanu) ఆయిల్’ అనే పేరుతో చిన్న సీసాల్లో అంత ఖరీదుకు అమ్ముతున్నది అదే. తినేది మాత్రం కాదు, పిల్లలకు ముందే చెప్పండి.

ప్రహరీ వెంట ఎంత ఖాళీ ఉందో కొలిచి రాయి. చెట్టుకీ చెట్టుకీ మధ్య 20 అడుగులైనా ఉండాలి. చోటు లేకపోతే రెండే నాటండి.

మీ పెదనాన్న