మైల లేని దుఃఖం

తిరుపతి నుంచి ఒక తండ్రి పెద్ద ఉత్తరం రాశారు. అందులో ముఖ్యమైన భాగం ఇది:

"మా వీధిలో ఉండే అమ్మాయి వ్యవసాయ కళాశాలలో చదివి, మండల వ్యవసాయాధికారిగా ఉద్యోగం తెచ్చుకుంది. ఇరవై ఎనిమిదేళ్లకే డెంగీ జ్వరంతో చనిపోయింది. మా అమ్మాయికి పద్దెనిమిదేళ్లు. చిన్నప్పటి నుంచి ఆ అక్కంటే ప్రాణం. ఏం కావాలన్నా ఆమెతోనే చెప్పేది, ఆమె వచ్చి మాతో చెప్పేది, మేము ఏనాడూ కాదనలేదు. ఇప్పుడు మూడు నెలలుగా పుస్తకం ముట్టుకోవడం లేదు. ఆమె ఫొటో తెచ్చి దేవుడి గదిలో పెట్టింది. మొక్కు తీర్చుకోవడానికి కొండకు రమ్మంటే రానంటోంది. వాళ్లు మాకు బంధువులు కారు, మాకు సూతకం లేదు. పలమనేరులో ఉన్న మా చెల్లెలు తన కొడుక్కి మా అమ్మాయిని అడుగుతోంది. పెళ్లి చేస్తే మనసు మళ్లుతుందా? ఆ ఫొటో తీసేయవచ్చా?"

ముందు మీ రెండు ప్రశ్నల సంగతి తేల్చి పక్కన పెడతాను. పోయినవారి ఫొటోను దేవుడి పటాల మధ్య ఉంచరు కాబట్టి, మీ అమ్మాయికే నచ్చజెప్పి ఆమె చదువుకునే బల్ల మీదికి మార్పించండి; ఇందులో ఇంతకు మించి ఆలోచించవలసిందేమీ లేదు. పెళ్లి వద్దు. మేనత్త కొడుకైనా మరెవరైనా సరే, ఏడుస్తున్న పిల్లను ఓదార్చే పనిని అత్తవారింటికి అప్పగించడమంటే కన్నవారు తమ బాధ్యతను దులుపుకోవడమే.

మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివిన వాక్యం వేరే ఉంది. "ఏం కావాలన్నా ఆమెతోనే చెప్పేది, ఆమె వచ్చి మాతో చెప్పేది" అన్నారు. ఇంటర్‌లో బైపీసీ తీసుకోవడానికీ, ఈఏపీసెట్ రెండోసారి రాయడానికి ఏడాది ఆగడానికీ, చివరికి సెల్‌ఫోన్ కొనివ్వడానికీ ఆమే వచ్చి మిమ్మల్ని ఒప్పించిందని కూడా మీరే రాశారు. కాదనలేదు కదా అన్న తృప్తితో మీరు రాసిన ఆ మాటల్లో నాకు కనిపించింది మరొకటి: ఒకే కప్పు కింద ఉంటున్న తండ్రితో మాట్లాడడానికి మీ అమ్మాయికి పద్దెనిమిదేళ్లుగా పక్కింటి మనిషి సాయం కావలసి వచ్చింది. ఆ మనిషి పోవడంతో మీ అమ్మాయికి మీ ముందు నోరు లేకుండా పోయింది. ఆమె పుస్తకం తీయకపోవడం, కొండకు రాకపోవడం, ఫొటో తెచ్చి దేవుడి గదిలో పెట్టడం, ఇవన్నీ ఆమె మీతో నేరుగా చెప్పలేని మాటలే.

ఆ అమ్మాయి మాటను మీరెందుకు మన్నించేవారో కూడా ఒకసారి ఆలోచించుకోండి. ఆమెకు చదువుంది, ప్రభుత్వోద్యోగం ఉంది, నలుగురిలో గౌరవం ఉంది. మరి కన్నకూతురి మాట వినడానికి ఆమెకూ ఉద్యోగం వచ్చేదాకా ఆగుతారా? తన ఇంట్లో తన మాటను తండ్రి మధ్యలో అడ్డు తగలకుండా పూర్తిగా వింటే ఆడపిల్లకు ఆత్మాభిమానం అక్కడే అలవడుతుందనీ, ఆ తరువాత వచ్చే డిగ్రీలూ జీతాలూ దానికి తోడవుతాయే తప్ప దాన్ని పుట్టించలేవనీ నా గట్టి నమ్మకం.

సూతకం లేదన్నారు, నిజమే. జ్ఞాతులకు పది రోజుల మైల ఉంటుంది. కన్నవారు పోతే ఏటిసూతకమని ఆ ఏడాది కొండ ఎక్కకపోవడం మన వైపు చాలా ఇళ్లలో ఉన్నదే. మీ అమ్మాయికి వీటిలో ఏదీ వర్తించదు, ఆమె కష్టమంతా అక్కడే ఉంది. పోయిన అమ్మాయి ఇంటికి చుట్టాలు వచ్చి కూర్చున్నారు, ఆ తల్లి చెయ్యి పట్టుకొని ఏడ్చారు, పెద్దకర్మ దాకా ఎవరో ఒకరు తోడున్నారు. మీ అమ్మాయిని పరామర్శించడానికి మాత్రం ఎవరూ రాలేదు, రావాలని ఎవరికీ తోచదు కూడా. అందుకే తన సూతకాన్ని తనే పెట్టుకుంది. దాన్ని మొండితనమని అనుకోకండి. మొక్కును వచ్చే ఏడాది తీర్చుకోవచ్చు.

"ఏమీ కాని మనిషి కోసం ఇంత ఏడుపా" అని ఉత్తరంలో ఒకచోట విసుక్కున్నారు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక భూమికి తిరిగివస్తూ ముక్కలై, కల్పనా చావ్లాతో పాటు మరో ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆమెకు అప్పటికి నలభై ఏళ్లు. అంతకు ముందు సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి, అంటే ఇప్పుడు మీ జిల్లాలోనే ఉన్న చోటు నుంచి, నింగికెగసిన మెట్‌శాట్ అనే వాతావరణ ఉపగ్రహానికి, ఆమె పోయిన వారం తిరగకుండానే కల్పన-1 అని పేరు మార్చారు. ఆమెను చూసి కలలు కన్న ఆడపిల్లలు దేశమంతటా ఉన్నారు, వాళ్లకు ఆమె ఏమవుతుందని ఎవరూ అడగలేదు. ఆదర్శంగా పెట్టుకున్న మనిషి చిన్న వయసులోనే పోతే, పిల్లలు ఆ మనిషి కోసం ఏడుస్తూనే తమ భవిష్యత్తు గురించి కూడా బెంగపడతారు. అంత కష్టపడి చదివిన అక్కే ఇలా పోయిందంటే నేను చదివి ఏం లాభమన్న అనుమానం మీ అమ్మాయి మనసులో మెదులుతూనే ఉంటుంది. దానికి మీరు జవాబు వెతకనక్కర్లేదు. ఆ మాట ఆమె నోట రానిచ్చి, విని ఊరుకోగలిగితే చాలు.

ఆ అక్క ఇంటర్‌లో తయారుచేసిన హెర్బేరియం పుస్తకాన్ని మీ అమ్మాయి తలగడ కింద పెట్టుకొని పడుకుంటోందనీ, ఎండిన ఆకుల కింద ఆ అక్క చేతిరాతతో మొక్కల పేర్లు ఉన్నాయనీ రాశారు. ఒక సాయంత్రం, మీ భార్యను పంపకుండా మీరే వెళ్లి, ఆ పుస్తకం చూపించమని అడగండి. ఉమ్మెత్త ఆకు ఎక్కడ కోశారో, మందార పువ్వును పాత పేపర్ల మధ్య ఎన్నాళ్లు అదిమిపెట్టారో ఆమె చెబుతుంది. చెబుతున్నంతసేపూ చదువు ఊసు ఎత్తకండి. "ఆ అక్కను చూసి నేర్చుకో" అని ఇన్నేళ్లూ అన్న మాటను ఇక పూర్తిగా మానేయండి. బతికున్న మనిషితో పోలిస్తేనే పిల్లలు కుంగిపోతారు, పోయిన మనిషితో పోలిస్తే ఎన్నటికీ గెలవలేరు. ఆ తరువాత ఆమెను వెంటబెట్టుకొని ఆ ఇంటికి వెళ్లండి. తన బిడ్డ గురించి ఇంత ప్రేమగా మాట్లాడే మనిషి ఆ తల్లికి కూడా కావాలి.

మూడు నెలలైనా అన్నం సయించకపోతున్నా, నిద్ర పట్టకపోతున్నా, "నేనూ అక్క దగ్గరికే పోతాను" వంటి మాట ఒక్కసారి నోట వచ్చినా, ఆలస్యం చేయకండి. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉన్నారు. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి 14416 నంబరుకు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. చూసినవాళ్లు ఏమనుకుంటారో, రేపు సంబంధాలు వస్తాయో రావో అన్న లెక్కలు అప్పుడు వేయకండి.

ఈఏపీసెట్ ఏటా జరుగుతుంది. మళ్లీ పుస్తకం తీసిన రోజున, వ్యవసాయమే చదువుతుందో మరొకటి చదువుతుందో ఆమెనే చెప్పనివ్వండి. అక్క ఆశయం నువ్వే నెరవేర్చాలని బరువు పెట్టే పెద్దలు వీధిలో బయలుదేరితే వాళ్లకు మీరే అడ్డు చెప్పండి.

ఇక మీ చెల్లెలు. మీ భార్య మీద నెట్టి "మీ వదినకు ఇష్టం లేదు" అనకుండా, మీరే ఫోన్ చేసి, అమ్మాయి తనంతట తాను అడిగేదాకా ఈ పెళ్లి మాట ఎత్తవద్దని చెప్పండి. అమ్మాయి ఇంట్లో ఉన్న సమయం చూసి, ఆమెకు వినపడేలా చెప్పండి.