కాలర్ గుచ్చుకోవడం వేరు, లక్కీ చొక్కా వేరు

ప్రశ్న: నా వయసు 25. మాది పాలకొల్లు దగ్గర ఒక ఊరు. రెండేళ్లుగా హైదరాబాద్ గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. చిన్నప్పటి నుంచీ కాలర్ చొక్కా వేసుకుంటే నాకు ఊపిరాడనట్టు ఉంటుంది. మెడ వెనక లేబుల్ తగిలినా, పక్క కుట్లు ఒరుసుకున్నా పని మీద మనసు నిలవదు. అందుకే ఆఫీసుకు పాత రౌండ్ నెక్ టీషర్టులే వేసుకెళ్తాను. అందరూ నన్నే చూస్తున్నట్టు ఉంటుంది. ఒక్క లేత నీలం చొక్కా మాత్రం నాకు సరిపడుతుంది. అది మా అన్నయ్య వాడిన పాత చొక్కా. క్యాంపస్ ఇంటర్వ్యూకి అదే వేసుకున్నాను, ఉద్యోగం వచ్చింది. అప్పటి నుంచి రివ్యూ అయినా, ప్రెజెంటేషన్ అయినా అదే ఉండాలి. ఉతుకులో ఉంటే ఆ రోజు వర్క్ ఫ్రమ్ హోమ్ అంటాను, లేదా సెలవు పెడతాను. పోయిన నెల క్లయింట్ వస్తున్నారు, ఫార్మల్స్‌లో రమ్మని టీమ్ లీడ్ చెప్పారు. సరిగ్గా ఆ ముందు రోజే నీలం చొక్కా మోచేతి దగ్గర చిరిగింది. జ్వరమని చెప్పి మానేశాను. నేను తయారు చేసిన ప్రెజెంటేషన్ ఇంకొకరు ఇచ్చారు. వచ్చే నెల క్లయింట్ మళ్లీ వస్తున్నారు. అమ్మకి చెప్తే ‘ఈ పిచ్చి అలవాట్లు మానుకోరా, రేపు పెళ్లిచూపులకి కూడా టీషర్టులోనే వస్తావా’ అంది. నాకేమైనా మానసిక జబ్బా? నేను పూర్తిగా మారిపోవాలా?

జవాబు: పూర్తిగా మారిపోవాల్సిన పనేమీ లేదు. మీ ఉత్తరంలో రెండు సమస్యలున్నాయి. మీరూ, మీ అమ్మగారూ ఆ రెండింటినీ కలిపేసి ‘పిచ్చి అలవాట్లు’ అని ఒకటే పేరు పెట్టేశారు. కాలర్ గుచ్చుకోవడం మీ ఒంటికి సంబంధించింది. దాన్ని గౌరవించి, తగ్గ బట్టలు కుట్టించుకుంటే సరిపోతుంది. నీలం చొక్కా లేకపోతే ఆఫీసుకే వెళ్లలేకపోవడం భయానికి సంబంధించింది. దానికి లొంగకూడదు.

ముందు కాలర్ సంగతి చూద్దాం. స్పర్శ విషయంలో అందరి ఒళ్లూ ఒకేలా ఉండదు. ఉన్ని బట్ట తగిలితే కొందరు నిమిషం ఓర్చుకోలేరు, ఇంకొందరికి అది వేసుకున్నట్టే తెలియదు. ఆటిజం, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని, నిలకడ లేని స్థితి) ఉన్నవాళ్లలో ఇలాంటి సున్నితత్వం ఎక్కువగా కనిపించే మాట నిజమే. కానీ ఇదొక్కటి చూసి ఏ పేరూ పెట్టలేం. చిన్నప్పటి నుంచీ ఉండి, బట్ట మారగానే పోతుంటే దాన్ని జబ్బు అనుకోనక్కర్లేదు. మెడ మీద ఎర్రగా దద్దుర్లు, మంట వస్తుంటే మాత్రం ఒకసారి చర్మవైద్యులకు చూపించుకోండి. ముడతలు పడవని చెప్పి అమ్మే చొక్కాలకు ఫార్మాల్డిహైడ్ కలిసిన రసాయనాలు పట్టించడం మామూలే. అవి కొందరి ఒంటికి పడవు. కొత్త చొక్కా ఏదైనా ఉతక్కుండా వేసుకోకండి.

మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. నీలం చొక్కాకీ కాలర్ ఉంది కదా, మరి అది ఎందుకు గుచ్చుకోవడం లేదు? మీ అన్నయ్య ఏళ్ల తరబడి తొడిగి, ఉతికి ఉతికి దాన్ని మెత్తబరిచారు. కాలర్ నిలబడడానికి లోపల వేసే బిరుసు గుడ్డ, అదే బక్రం, ఈపాటికి గట్టిదనమంతా పోగొట్టుకుని ఉంటుంది. అన్నయ్య మీకంటే భారీ మనిషైతే మెడ దగ్గర వదులుగా కూడా ఉండి ఉంటుంది. ఇంటర్వ్యూ రోజున మీ ఒంటికి ఏ ఇబ్బందీ లేదు, మనసంతా జవాబుల మీదే ఉంది. ఆ రోజు మీకు కలిసొచ్చింది అదృష్టం కన్నా ఆ మెత్తదనమే అని నా గట్టి అనుమానం.

కాబట్టి ఈ ఆదివారమే ఆ చొక్కా తీసుకుని దర్జీ దగ్గరికి వెళ్లండి. దాన్నే ఆదికి ఇవ్వండి. కాలర్‌లో బక్రం మెత్తనిది, పల్చనిది వేయమనండి. మెడ బొత్తాం పెట్టుకున్నాక కూడా కాలర్‌కీ మెడకీ మధ్య రెండు వేళ్లు సులువుగా దూరాలి. పక్క కుట్లు ఓవర్‌లాక్ చేసి వదిలేయకుండా అంచులు లోపలికి మడిచి కుట్టమనండి. లేబుల్ అసలు వద్దనండి. బట్ట నూరు శాతం కాటన్ తీసుకోండి. మంగళగిరి కాటన్ చొక్కాకి బాగుంటుంది, కాకపోతే కొత్తలో గంజి వల్ల బిరుసుగా ఉంటుంది. రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టి, ఒకటి రెండు సార్లు ఉతికాకే కుట్టడానికి ఇవ్వండి. ఇస్త్రీ అతనికి గంజి పెట్టొద్దని గట్టిగా చెప్పండి. చాలామంది ఇక్కడే మర్చిపోయి, వారం తిరక్కుండా మళ్లీ అట్టముక్కలాంటి కాలర్‌తో బాధపడతారు. లోపల మెత్తటి కాటన్ బనియన్ వేసుకుంటే కుట్లు నేరుగా ఒంటికి తగలవు.

ఇలాంటివి కనీసం మూడు కుట్టించండి. రంగులు వేరువేరుగా ఉండాలి. లేత నీలం మాత్రం వద్దు. ఎందుకో ముందుకెళ్తే తెలుస్తుంది.

ఇక టీమ్ లీడ్ సంగతి. ఆయనకి తెలిసిందల్లా ఒక్కటే, ముఖ్యమైన రోజున మీరు జ్వరమని ఆగిపోయారు. ఇది మళ్లీ జరిగితే మీ పని మీద నమ్మకం పోతుంది, దానికీ చొక్కాకీ సంబంధం ఉందని ఆయనకి ఎప్పటికీ తెలియదు. అందుకే క్లయింట్ రాకముందే పక్కకి పిలిచి రెండు మాటలు చెప్పండి: ‘అన్నా, మెడ బిగుతుగా ఉండే బట్టలు నాకు చిన్నప్పటి నుంచీ పడవు. కాలర్ చొక్కా వేసుకొస్తాను కానీ పై బొత్తాం పెట్టుకోలేను, టై కట్టుకోలేను. ఏమైనా ఇబ్బందా?’ అంతే. మీ కథంతా చెప్పక్కర్లేదు, క్షమాపణలూ అక్కర్లేదు. చాలా సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఉతికి ఇస్త్రీ చేసిన కాలర్ చొక్కా, ప్యాంటు, శుభ్రమైన బూట్లు ఉంటే ఫార్మల్స్ కిందే లెక్క. మీ కంపెనీలో రాతపూర్వకంగా నియమాలు ఉంటే హెచ్‌ఆర్‌ని అడిగి ఒకసారి చదవండి. మనం ఊహించుకున్నవాటి కన్నా అసలు నియమాలు తేలిగ్గా ఉండడం మామూలే.

ఒక మాట మాత్రం మీకు నచ్చకపోయినా చెప్పాలి. రంగు వెలిసి, మెడ సాగిపోయిన టీషర్టులు మీ ఇబ్బందికి పరిష్కారం కావు. మెత్తగా ఉండాలన్నది మీ అవసరం, పాతబడి ఉండాలన్నది కాదు. మామూలు రోజులకి కూడా మంచి కాటన్‌లో, లేబుల్ లేనివి కొత్తవి కొనుక్కోండి.

అందరూ నన్నే చూస్తున్నారన్న బాధ గురించి కూడా చెప్తాను. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్ బృందం చేసిన ఒక ప్రయోగం 2000లో అచ్చయింది. వేసుకుంటే సిగ్గుపడేలాంటి టీషర్టు ఒకటి విద్యార్థులకి తొడిగి, తోటివాళ్లు కూర్చున్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగం మంది దాన్ని గమనించే ఉంటారని వాళ్లు అనుకున్నారు. తీరా అడిగితే గమనించినవాళ్లు నాలుగో వంతు కూడా లేరు. మీ ఆఫీసులోనూ ఎవరి టెన్షన్‌లో వాళ్లుంటారు.

ఇప్పుడు అసలు చిక్కు, ఆ లక్కీ చొక్కా. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్.స్కిన్నర్ 1948లో ఆకలిగా ఉన్న పావురాలతో ఒక ప్రయోగం చేశారు. పావురం ఏం చేసినా, ఏం చేయకపోయినా, బోనులోకి కొంత కొంత సేపటికి గింజలు వచ్చే ఏర్పాటు అది. కొన్నాళ్లకి ఒక పావురం బోనులో గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఇంకొకటి పదే పదే తలను బోను పైమూలలోకి నెట్టేది. గింజలు వచ్చినప్పుడు తాము ఏ పనిలో ఉన్నాయో ఆ పని వల్లే వచ్చాయన్నట్టు వాటి ప్రవర్తన మారిపోయింది. మీకు ఉద్యోగం వచ్చినప్పుడు ఒంటి మీద నీలం చొక్కా ఉంది. మనసు ఆ రెంటినీ ముడేసింది. ఇది ఎవరికైనా జరిగేదే, ఇందులో సిగ్గుపడాల్సింది లేదు.

ఆ ముడి ఇన్నాళ్లు ఎందుకు నిలిచిందో చూడండి. చొక్కా లేని రోజు మీరు ఇంట్లో ఆగిపోతారు. ఆగిపోగానే గుండెదడ తగ్గుతుంది. ‘హమ్మయ్య, తప్పించుకున్నాను’ అనిపిస్తుంది. ఆ ఉపశమనమే భయానికి మేత. ఆ చొక్కా లేకుండా ప్రెజెంటేషన్ ఇస్తే ఏమవుతుందో మీ మనసు ఒక్కసారి కూడా చూడలేదు. చూసే అవకాశం మీరు ఇవ్వలేదు.

ఇప్పుడు ఇవ్వండి. ఒక్కసారిగా క్లయింట్ ముందుకి వద్దు. కొత్త చొక్కాలు మొదట ఏ మీటింగూ లేని రోజున వేసుకోండి. ఒంటికి అలవాటయ్యాక పొద్దున టీమ్‌తో జరిగే చిన్న స్టాండప్ మీటింగ్‌కి, తర్వాత వారం మీటింగ్‌కి, ఆ పైన రివ్యూకి. ప్రతిసారీ ముందు రాత్రి ఫోన్లో ఒక వాక్యం రాయండి: ‘ఈ చొక్కాతో వెళ్తే ఇలా అవుతుందని భయంగా ఉంది.’ సాయంత్రం వచ్చాక దాని కిందే నిజంగా ఏం జరిగిందో రాయండి. మీటింగ్‌లో దడ పెరిగితే లేచి బయటికి రాకండి. అలాగే కూర్చుంటే కాసేపటికి అదే దిగుతుంది. నీలం చొక్కాని మడిచి బ్యాగులో పెట్టుకెళ్లడం కూడా వద్దు, అలా చేస్తే భయం బ్యాగులో భద్రంగా ఉన్నట్టే.

మూడు చొక్కాలు, వేరువేరు రంగులు అన్నది ఇందుకే. ఒక్కటే కుట్టిస్తే అదే కొత్త లక్కీ చొక్కా అయిపోతుంది. ఇస్త్రీ నుంచి వచ్చినప్పుడు ఏది పైన ఉంటే అది వేసుకోండి. ఎంచుకోవద్దు. రివ్యూ బాగా జరిగిన మర్నాడు అదే చొక్కా కోసం చెయ్యి వెళ్తుంది, అక్కడ జాగ్రత్తగా ఉండండి. ఇక నీలం చొక్కాని పారేయక్కర్లేదు. మోచేతికి అతుకు వేయించి, కూరగాయలకి వెళ్లేటప్పుడు వేసుకోండి.

దీన్ని జబ్బు అని ఎప్పుడు అనుకోవాలి? చొక్కా గురించిన ఆలోచనలు, తయారవడంలో ఒకే పనిని పదే పదే చేయడం వంటివి రోజుకి గంటకి మించి సమయం తింటున్నా, లక్కీ వస్తువులు ఒకటి నుంచి మూడు, నాలుగు అవుతున్నా, పైన చెప్పినట్టు చేసినా సెలవులు ఆగకపోయినా, క్లినికల్ సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవండి. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. బయటికి వెళ్లడం కష్టమనిపిస్తే టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేయొచ్చు. 2022లో మొదలైన ఈ కేంద్ర ప్రభుత్వ సేవ ఉచితం, పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. భయాన్ని మెట్లు మెట్లుగా ఎదుర్కొనే పద్ధతిని సైకాలజిస్టులు పక్కనుండి నేర్పిస్తారు.

మీ అమ్మగారితో వాదన పెట్టుకోకండి. ఆవిడకి కనిపిస్తున్నది, పెళ్లిచూపుల్లో టీషర్టులో కూర్చున్న కొడుకు. ఈసారి ఊరెళ్లినప్పుడు కొత్త చొక్కా వేసుకుని వెళ్లి, కాలర్ చేత్తో పట్టుకుని చూడమనండి. ‘ఇలా మెత్తగా ఉంటే నాకు ఏ ఇబ్బందీ లేదమ్మా’ అని చెప్పండి. పెళ్లి బట్టలు తీసేటప్పుడు దర్జీకి ఏం చెప్పాలో కూడా ఆవిడకి తెలుస్తుంది. సంబంధం కుదిరే దశకి వస్తే ఈ కాలర్ సంగతి ఆ అమ్మాయికి మీరే మామూలుగా చెప్పేయండి. ఆ అమ్మాయికీ పట్టుచీర జరీ గుచ్చుకునే ఇబ్బంది ఉండొచ్చు, అడిగి తెలుసుకోండి.