ఇసుక బాకీ ఎవరిది?

ప్రశ్న: ఆర్కే బీచ్‌లో ఓడ వచ్చి ఇసుక పోస్తుంది. తుపాను వచ్చి పట్టుకుపోతుంది. మళ్లీ పోస్తారు. కోట్లు సముద్రం పాలు చేయడం కాదా ఇది? ఆ ఖర్చు ఎవరు భరించాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, నేను సముద్రం అడుగు ఇసుక తోడే ఓడల (డ్రెడ్జర్ల) మీద ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని. నా మొగ్గు ఎటో మీరు ఊహించే ఉంటారు. పోయాల్సిందే. పైగా అది దానం కాదు, బాకీ.

మన తీరం వెంబడి ఇసుక ఏడాదిలో ఎక్కువ నెలలు దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. 1970లలో విశాఖ రేవుకు ఔటర్ హార్బర్ (బయటి రేవు) కట్టినప్పుడు రాతి గోడలు ఆ దారికి అడ్డం పడ్డాయి. గోడకు దక్షిణాన మేట, ఇవతల ఉత్తరాన, బీచ్ మొదట్లోని కోస్టల్ బ్యాటరీ వైపు కోత. అందుకే గోడ పక్కన ఇసుక చేరే గుంత ఒకటి ఉంచి, అక్కడ పేరుకున్నది తోడి ఉత్తరాన పోయాలి. రేవు నడిచినంత కాలం ఇది రేవు నిర్వహణ ఖర్చే. క్రేన్లకు గ్రీజు పెట్టడానికి ఎవరినీ చందా అడగరు కదా!

పోసింది పోయిందన్నారు. అంతా పోదు. కొంత ఒడ్డుకు కాస్త దూరంలో తిన్నెగా నిలిచి అలల జోరు తగ్గిస్తుంది, సముద్రం శాంతించాక అందులో కొంత వెనక్కి వస్తుంది. మిగిలింది రుషికొండ దిక్కుకు సాగిపోతుంది.

మీరు నిలదీయాల్సింది వేరే ఉంది. ఈసారి ఓడ నుంచి ఇసుక పోసే పైపు మూతి దగ్గరికి వెళ్లండి. నల్లగా వచ్చేదాంట్లో ఇసుక కన్నా నీళ్లే ఎక్కువ. నీరు జారిపోయాక మిగిలింది అరచేతిలోకి తీసుకోండి. బొంబాయి రవ్వలా గరుకుగా ఉంటే కొన్నాళ్లు ఆగుతుంది. మెత్తగా ఉంటే తొలి తుపానుకే సరి. ఘనపు మీటర్ల లెక్కన బిల్లు కట్టేటప్పుడు ఈ తేడా ఎవరు చూస్తున్నారో అడగండి.

ఇక రేవు భరించేది పోగా మిగతా ఖర్చు వాటా. అమెరికాలోని నాగ్స్ హెడ్ అనే చిన్న పట్టణం 2011లో ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) సొమ్ము కోసం ఎదురుచూడకుండా సుమారు 3.6 కోట్ల డాలర్లతో తీరాన్ని ఇసుకతో నింపుకొంది. పర్యాటకుల బస మీద వేసే పన్ను కొంత, సముద్రం ఒడ్డున ఇళ్లున్నవారి మీద అదనపు పన్ను కొంత. సముద్రం కనిపించే గదికి ఎక్కువ అద్దె గుంజే మన హోటళ్ల దగ్గరా ఇలాగే వసూలు చేయాలంటాను. వల ఆరబెట్టుకునే చోటు పోగొట్టుకున్న జాలరి దగ్గర మాత్రం పైసా అడగకూడదు.

ప్రశ్న: మా ఉప్పాడలో ఇళ్లే పోతున్నాయి. పెద్ద హోటళ్లూ లేవు. మాకెవరు పెడతారు?
– ఒక పాఠకుడు, కాకినాడ జిల్లా

జవాబు: ప్రభుత్వమే పెట్టాలి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి కోత నివారణకు 1,500 కోట్లు, నిర్వాసితుల పునరావాసానికి 1,000 కోట్లు సిఫారసు చేసింది. దేశం మొత్తానికి, నదుల కోతతో కలిపి! ఆ లెక్కన అరకొరే. అయినా మీ ఊరి పేరుతో ప్రతిపాదన వెళ్లిందా లేదా అని కలెక్టరేట్‌లో రాతపూర్వకంగా అడగండి.

ఒక జాగ్రత్త. మీ దగ్గర ఒడ్డున గోడలా పరిచిన జియో ట్యూబులు (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు) ఏమయ్యాయో మీరు చూశారు. గట్టి గోడకు కొట్టిన అల దాని పాదం దగ్గరి ఇసుకనే తవ్వుకుపోతుంది. రాళ్లు పోస్తే రోడ్డు దక్కవచ్చు, పడవ లాగే చోటు దక్కదు. గోడ అడిగే కాగితంలోనే ఏటేటా పోయాల్సిన ఇసుకకూ పద్దు రాయించండి.