క్రాస్‌బో ట్రిగ్గర్: ముందు పట్టు, తర్వాతే విడుపు

గాజువాక,
విశాఖపట్నం

అమ్మలూ,

ఫైనలియర్ ప్రాజెక్టుకు క్రాస్‌బో (దిమ్మెకు అడ్డంగా బిగించిన విల్లు) ట్రిగ్గర్ తీసుకున్నావని, పొరపాటున వదలకుండా ఆపే సేఫ్టీతో సహా డిజైన్ చేసి చూపించమని మీ గైడు గారు అడిగారని నాన్న చెప్పాడు. మంచి అంశం. చూడ్డానికి నాలుగు ముక్కలు, మూడు పిన్నులు, రెండు స్ప్రింగులు. కానీ లివర్లు, ఘర్షణ, హీట్ ట్రీట్‌మెంట్, టాలరెన్సులు (కొలతల్లో ఒప్పుకునే తేడాలు) అన్నీ ఆ చిన్న పెట్టెలోనే ఉంటాయి. నీ స్కెచ్ చూశాను. వేలు ఎంత తేలిగ్గా నొక్కాలన్న దాని మీదే నీ దృష్టంతా ఉంది. ఆ లెక్క తర్వాత చూద్దాం. లాగిపెట్టిన అల్లెతాడును ఈ పెట్టె ఎలా పట్టుకుంటుంది, నువ్వు వదలమనేదాకా ఎందుకు వదలదు అన్నది ముందు తేల్చుకో.

రిపోర్టులో చరిత్రకు ఒక పేజీ చాలు. చైనాలో షియాన్ దగ్గర 1974లో బయటపడ్డ మట్టి సైనికుల గోతుల్లో కంచు ట్రిగ్గర్లు దొరికాయి. రెండువేల ఏళ్ళ నాటివి, ఒకటికి మరొకటి ఆనుకునే మూడు కదిలే ముక్కలతో చేసినవి. యూరప్‌వాళ్ళు మధ్యయుగంలో కొమ్ముతో చేసిన గుండ్రని నట్టును, దాని కింద గాడిలో దూరే పొడవాటి లివరును వాడారు. మూడు ముక్కలైతే లివరు మీద లివరు పడి, బరువైన విల్లును కూడా వేలు తేలిగ్గా వదిలించగలదు. నీ విల్లుకు రెండు ముక్కలు సరిపోతాయి: తాడును పట్టే లాచ్, దాని తోకను ఆపే ట్రిగ్గర్. ముక్కలు తగ్గేకొద్దీ వదులు పోగయ్యే చోట్లూ తగ్గుతాయి.

ఇప్పుడు లెక్క. 150 పౌండ్ల విల్లు అనుకుందాం. అంటే సుమారు 68 కిలోల లాగుడు, 667 న్యూటన్లు. తాడు లాచ్ కొక్కేన్ని దాని పిన్ను కేంద్రానికి 10 మి.మీ. పైన లాగుతుంది. తోక ట్రిగ్గర్ ముక్కు మీద ఆనే చోటు అదే పిన్నుకు 30 మి.మీ. దూరం. కాబట్టి ముక్కు మీద పడేది 222 న్యూటన్లు. నూనె రాసిన గట్టి ఉక్కుకు ఘర్షణ గుణకం 0.15 వేసుకో, ముక్కును జారించడానికి 33 న్యూటన్లు కావాలి. ట్రిగ్గర్ పిన్ను నుంచి ముక్కు 20 మి.మీ., వేలు 40 మి.మీ. ఉంటే వేలికి తగిలేది 17 న్యూటన్ల లోపు, సుమారు 1.7 కిలోలు. స్ప్రింగు బలం, పిన్నుల రాపిడి కలిస్తే రెండు కిలోలు దాటుతుంది. దాటనీ. కాలేజీ ప్రాజెక్టుకు అంతకన్నా తేలిక చేయాల్సిన అవసరం లేదు.

అసలు ప్రశ్న, ఆ 222 న్యూటన్ల బలరేఖ ఎటు పోతోందన్నది. నీ స్కెచ్‌లో ఆ గీత గీయలేదు. తోకా ముక్కూ ఆనే చోట, ఆ ఆనే తలానికి, అంటే ముఖానికి, లంబంగా ఒక గీత గియ్యి. అది సరిగ్గా ట్రిగ్గర్ పిన్ను కేంద్రం గుండా పోతే బరువు ట్రిగ్గర్‌ను అటూ తిప్పదు, ఇటూ తిప్పదు. ముఖాన్ని రెండు డిగ్రీలు లోపలికి వాల్చితే బరువే ముక్కును ఇంకా లోతుకు లాక్కుంటుంది. వేలి బలం అప్పుడు 17 నుంచి సుమారు 21 న్యూటన్లకు పెరుగుతుంది, అంతే. అదే రెండు డిగ్రీలు బయటికి వాలితే వేలికి హాయిగానే ఉంటుంది, కానీ బరువు ముక్కును బయటికి తోస్తూ ఉంటుంది, ఘర్షణ ఒక్కటే ఆపుతుంది. లెక్క ప్రకారం ఎనిమిదిన్నర డిగ్రీల దాకా ఆగాలి. కానీ కొత్తగా నూనె పడ్డా, దెబ్బ తగిలి అదిరినా ఆ ఘర్షణ మీద నమ్మకం పెట్టుకోలేం. బల్ల మీద గంటలకొద్దీ ఆగిన ట్రిగ్గర్ కింద పడగానే వదిలేయడానికి మామూలుగా కారణం ఇదే. ముఖం లోపలికే వాలాలి, ఇందులో బేరం లేదు.

ఇంకో మాట. ముక్కు గరగరలాడుతోందని ఎమరీ కాగితంతో చేత్తో రుద్దేవాళ్ళు తెలియకుండానే ఈ కోణం మార్చేస్తారు. నున్నగా చేయాల్సి వస్తే ముక్కను జిగ్‌లో (కోణం మారకుండా పట్టే చట్రంలో) బిగించి సన్నని ఆయిల్‌స్టోన్‌తో చెయ్యి, అంచు గుండ్రం కాకుండా చూడు.

తోక, ముక్కు ఒకదాని మీద ఒకటి 1.2 మి.మీ. ఆనితే చాలు. వెడల్పు 8 మి.మీ. ఉంటే వత్తిడి చదరపు మి.మీ.కు 23 న్యూటన్లే, ఉక్కుకు అదొక లెక్క కాదు. ఇబ్బంది వదులు వల్ల వస్తుంది. రెండు పిన్నుల దగ్గర పదో వంతు మి.మీ. చొప్పున ఆట (అటూ ఇటూ కదిలే సందు) ఉండి, అంచు మరో రెండు పదో వంతులు అరిగితే 1.2లో మూడో వంతు పోయినట్టే. అందుకే రంధ్రాలు డ్రిల్లుతో వదిలేయకుండా రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన సైజుకు నునుపు చేసే పనిముట్టు) వేయించు. 6 మి.మీ. డోవెల్ పిన్నులు (కచ్చితమైన సైజుకు చేసిన గుండ్రటి ఉక్కు పిన్నులు) వాడు, ఆట 0.05 మి.మీ. దాటకూడదు. రెండు పక్క ప్లేట్లనూ కలిపి బిగించి ఒకేసారి రంధ్రాలు చేయించు. విడివిడిగా చేస్తే పిన్ను ఏటవాలుగా కూర్చుని ముక్కు ఒక మూల మీదే ఆనుతుంది.

లోహం సంగతి. మన ఊళ్ళో ఉప్పుగాలి కదా అని స్టెయిన్‌లెస్ 304 అడుగుతావేమో, వద్దు. అది హీట్ ట్రీట్‌మెంట్‌తో గట్టిపడదు, తనకు తానే రాసుకుంటే పేరుకుని పట్టేస్తుంది. మెత్తటి ఎమ్మెస్‌కు (మైల్డ్ స్టీలుకు) కేస్ హార్డెనింగ్, అంటే పైపొరను మాత్రమే గట్టిపరచడం, చేయిస్తే ఆ పొర పలచన, తర్వాత కాస్త గ్రైండ్ చేశారంటే ఆ పొరే పోతుంది. లాచ్, ట్రిగ్గర్ రెండూ ఓహెచ్‌ఎన్‌ఎస్ ఉక్కుతో (నూనెలో ముంచితే గట్టిపడే పనిముట్ల ఉక్కు) చేయించు. ఆటోనగర్‌లో వైర్‌కట్ (కరెంటు తీగతో కోత) చేయించి, సుమారు 800 డిగ్రీలకు వేడి చేసి నూనెలో ముంచి, వెంటనే టెంపర్ (పెళుసుదనం పోయేలా మళ్ళీ తక్కువ వేడి పెట్టడం) చేయించు. గట్టిదనం రాక్‌వెల్ సీ కొలతలో 56, 58 మధ్య చాలు. టెంపర్ మానేస్తే అంచు గాజులా పెచ్చులూడుతుంది. కొక్కెం తాడును తాకే చోట కనీసం 2 మి.మీ. గుండ్రం చేసి పాలిష్ పెట్టించు, పదునుగా ఉంటే తాడు పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. తుప్పు రాకుండా పల్చటి మెషీన్ నూనె ఒక చుక్క వేసి తుడువు. గ్రీజు పూస్తే బీచ్ ఇసుకంతా అందులోకే చేరుతుంది.

సేఫ్టీ దగ్గర నీ స్కెచ్ మార్చాలి. నువ్వు ట్రిగ్గర్‌ను మాత్రమే కదలకుండా ఆపావు. ముక్కు అరిగినా, పిన్ను వంగినా ట్రిగ్గర్ కదలకుండానే లాచ్ జారిపోతుంది. వీధి గేటుకు తాళం వేసి ఇంటి తలుపు తీసి ఉంచినట్టే. సేఫ్టీ కడ్డీ లాచ్ తోక దారికే అడ్డం రావాలి, తోకకూ దానికీ మధ్య 0.2 మి.మీ. సందు ఉండాలి. ముక్కు తప్పిన రోజున బరువు కడ్డీ మీద పడి అది బిగుసుకుపోతుంది. బిగుసుకోవడమే కావాలి మనకు. తాడు ఎక్కినప్పుడు లాచ్ వెనక్కి తిరుగుతూ కడ్డీని తనంతట తానే సేఫ్ వైపు తోసేలా ఒక చిన్న మెట్టు పెట్టు, మనిషి మరిచిపోయినా అది మరిచిపోదు.

బాణం లేకుండా వదలడం ఇంకో ప్రమాదం. 150 పౌండ్ల విల్లును 30 సెం.మీ. లాగితే అందులో సుమారు 100 జౌళ్ళ శక్తి ఉంటుంది. తీసుకెళ్ళే బాణం లేకపోతే అదంతా విల్లు రెక్కల మీదా తాడు మీదా పడి రెక్కలు చీలతాయి. దీనికి లాచ్‌కు అడ్డంగా విడిగా ఒక చిన్న లివరు కావాలి. బాణం మడమ (వెనక కొన) దాన్ని పైకెత్తితేనే లాచ్ తిరగాలి. దీని స్ప్రింగు విరిగినా లివరు తన బరువుతోనే అడ్డం పడేలా అమర్చు.

ఏదీ కోయించకముందే 5 మి.మీ. అక్రిలిక్ షీటు మీద రెండింతల సైజులో ఈ ముక్కలన్నీ చేసి, తాడు బదులు రబ్బరు బ్యాండు పెట్టి కదిలించి చూడు. లాచ్ వదిలాక ముందుకు పడి అక్కడే ఆగుతోందా, ఎగిరొచ్చి తాడుకు తగులుతోందా అన్నది కాగితం మీద తెలియదు, ఇందులో తెలుస్తుంది.

ఉక్కు పెట్టె తయారయ్యాక విల్లుకు బిగించొద్దు. తాడు లాగే దిక్కు నేలకేసి ఉండేలా పెట్టెను గట్టి ఫ్రేముకు బిగించి, తూకం వేసిన ఇసుక బస్తాలు వేలాడదియ్యి. ముందు 68 కిలోలు, తర్వాత ఒకటిన్నర రెట్లు, అంటే సుమారు 100 కిలోలు. బస్తా అడుగుకూ కింద రబ్బరు దిమ్మకూ మధ్య 20 మి.మీ. మించి ఎడం ఉంచొద్దు. ట్రిగ్గర్‌కు తాడు కట్టి రెండు మీటర్ల దూరం నుంచి లాగు. కాళ్ళూ చేతులూ బస్తా కిందికి రాకూడదు, కళ్ళకు రక్షణ అద్దాలు తప్పనిసరి.

100 కిలోల మీద ఒక రాత్రంతా ఉంచు. సేఫ్టీ వేసీ, తీసీ, చెక్క సుత్తితో పెట్టెను అన్ని వైపులా తట్టు. ట్రిగ్గర్‌ను సగం నొక్కి వదులు, ముక్కు పూర్తిగా వెనక్కి రావాలి. తాడును పూర్తిగా ఎక్కించకుండా మధ్యలో ఆపి చూడు, లాచ్ అరకొరగా పట్టుకోకూడదు. చివరిది ముఖ్యం: సేఫ్టీ వేసి ట్రిగ్గర్ గట్టిగా నొక్కు, వేలు తీసెయ్యి, అప్పుడు సేఫ్టీ తియ్యి. ఆ క్షణాన వదిలేసిందంటే సేఫ్టీ వేసి ఉండగానే ట్రిగ్గర్ ముక్కును తప్పించేసిందన్నమాట. స్ప్రింగు బిగించి సరిపెట్టొద్దు, ట్రిగ్గర్‌ను కూడా ఆపేలా కడ్డీకి రెండో మెట్టు పెట్టి మళ్ళీ చేయించు. 200 సార్లు ఎక్కించి వదిలాక ముక్కు అంచును భూతద్దంలో చూడు. మెరుపు గీత వెడల్పు పెరుగుతుంటే గట్టిదనం చాలలేదని అర్థం.

ఈ పరీక్షలు పూర్తయ్యాక కూడా విల్లుకు బిగించడం మీ గైడు గారి రాతపూర్వక అనుమతితో, కాలేజీ ల్యాబులోనే. స్నేహితులు రుషికొండ బీచ్‌కు తీసుకెళ్దామన్నా ఒప్పుకోకు.

కొత్త డ్రాయింగులో బలరేఖ, ముఖం కోణం, 1.2 మి.మీ. ఆనిక, సేఫ్టీ సందు నాలుగూ కొలతలతో వేసి పంపు. వైర్‌కట్‌కు ఇచ్చే ముందు ఒకసారి చూస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న