పాత పికప్‌లో ప్యూజో తీసి డీఐ ఇంజను పెట్టాలంటే

మీరు అడిగింది క్లుప్తంగా: పాత మహీంద్రా పికప్, ప్యూజో (ఫ్రెంచి కంపెనీ డిజైను) ఇంజను, హెడ్ పగిలింది, బ్లాకు మీద కూడా నమ్మకం లేదు. చెరువుల నుంచి రొయ్యల ట్రేలు, ఐసు వేసుకుని ప్లాంటుకి తిరిగే బండి. బొలెరో డీఐ ఇంజను (డీజిల్‌ని నేరుగా సిలిండరులోకి చిమ్మే, కంప్యూటరు లేని రకం) ఒక్కటే కొని పాత గేరుబాక్సు మీద కూర్చోబెట్టొచ్చా, లేక ఎలాగూ మారుస్తున్నాం కదా అని సీఆర్డీఐ (కంప్యూటరు నడిపే కామన్ రైల్ డీజిల్ ఇంజను) పెట్టేద్దామా?

డీఐ ఈ బండికి బాగా సరిపోతుందండీ. కానీ ఇంజను ఒక్కటే కొనకండి. బెల్ హౌసింగు (ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య ఉండే గంట ఆకారపు డొప్ప), క్లచ్, గేరుబాక్సు, డైనమో, సెల్ఫ్ (స్టార్టరు మోటారు), మౌంటింగ్ బ్రాకెట్లు, ఫ్యాను, వీలైతే రేడియేటరు, అన్నీ ఒకే బండివి సెట్టుగా తీసుకోండి. ఇంజనుకి ఎంత పెడుతున్నారో మళ్ళీ అంత చేతిలో ఉంచుకోండి. ఇంజను ఎక్కించడం రెండు రోజుల పని, దాని చుట్టూ ఉన్నవి కుదరడానికే రెండు వారాలు పడుతుంది.

స్పానరు పట్టుకునే ముందు ఆర్‌సీ తీసి చూడండి. ప్యూజోల్లో 2112 సీసీది ఒకటి, 2498 సీసీది ఒకటి. డీఐ 2523 సీసీ. తేడా పాతిక సీసీలే అయినా కాగితం ప్రకారం అది వేరే ఇంజనే. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 దీని గురించే. ఇంజను మార్చాక 14 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ అధికారికి చెప్పి ఆర్‌సీలో నంబరు మార్పించుకోవాలి. కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. అనుమతి లేకుండా మారిస్తే అదే చట్టంలో సెక్షన్ 182ఎ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ. అందుకని ముందే బ్రేక్ ఇన్‌స్పెక్టరుని (రవాణా శాఖ వాహనాల ఇన్‌స్పెక్టరుని) కలిసి కాగితం మీద అడగండి. కుదరదంటే ఇంకో ప్యూజోనే వెతుక్కోవడం మేలు. ఎనిమిదేళ్ళు దాటిన ట్రాన్స్‌పోర్టు బండికి ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది కాబట్టి ఇది దాగే విషయం కాదు. ఇన్సూరెన్సు వాళ్ళకీ చెప్పాలి.

తర్వాత చాసీ. రొయ్యల బండి కాబట్టి ఇదే అసలు భయం. ట్రేల్లోంచి కారే ఐసు నీళ్ళలో ఉప్పు ఉంటుంది. అది బాడీ చెక్కల సందుల్లోంచి క్రాస్ మెంబర్ల మీద పడి, అక్కడి బురదలో ఇంకిపోయి లోపల్నుంచి తినేస్తుంది. పైన రంగు బాగానే కనిపిస్తుంది. చిన్న సుత్తితో గేరుబాక్సు క్రాస్ మెంబరు, వెనక స్ప్రింగు హ్యాంగర్లు, ఇంజను మౌంటింగుల దగ్గర కొట్టి చూడండి. ఖంగుమంటే ఇనుము ఉన్నట్టు, డబడబమంటే తుప్పు పొరలు. అలాంటి చోట కొత్త బ్రాకెట్టు వెల్డింగ్ చేస్తే ఆరు నెలల్లో బ్రాకెట్టుతో సహా ముక్క ఊడొస్తుంది. ముందు చాసీ పని, తర్వాతే ఇంజను.

కొనేటప్పుడు విజయవాడ ఆటోనగర్ అయినా, మన దగ్గరి స్క్రాపు షాపయినా, ఇంజను వచ్చిన బండి నంబరు, బిల్లు లేకుండా కొనొద్దు. బ్లాకు మీద ఇంజను నంబరు గీకి మళ్ళీ కొట్టినట్టుంటే వదిలేయండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేల బండ్లు నీళ్ళలో మునిగాయి. వరద ఇంజనుకి పైన కొత్త రంగు ఉంటుంది, బెల్ హౌసింగు లోపల, సెల్ఫ్ మూతి దగ్గర, డైనమో రెక్కల మధ్య మెత్తటి ఒండ్రు పొడిగా అంటుకుని ఉంటుంది. అక్కడ వేలు పెట్టి చూడండి. నీళ్ళు తాగిన ఇంజనుని సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, బయటికి ఏమీ తెలీదు. దీనికో చిట్కా ఉంది. నాజిళ్ళు (డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు) తీసి, ఒక్కో రంధ్రంలో సైకిలు పుల్ల దించి, చేత్తో క్రాంకు తిప్పుతూ పిస్టను పైకి వచ్చినప్పుడు పుల్ల ఎంతవరకు లేస్తుందో గుర్తు పెట్టండి. సెల్ఫ్ మాత్రం కొట్టకూడదు. నాలుగూ ఒకే ఎత్తు రావాలి. ఒకటి తక్కువ లేస్తే ఆ రాడ్డు వంగినట్టే.

కంప్రెషను గేజి ఉన్న మేస్త్రీని వెంట తీసుకెళ్ళండి. 25 బార్ దగ్గర వస్తే బాగున్నట్టు, 20 కిందకి పడితే బోరు (సిలిండరు లోపలి గోడ) పని. సిలిండర్ల మధ్య తేడా 3 బార్ దాటకూడదు. నేల మీదే బ్యాటరీ పెట్టి స్టార్ట్ చేసి చూపించమనండి, ఆయిల్ మూత తీసి పొగ ఎంత కొడుతుందో చూడండి.

పాత గేరుబాక్సు ఎందుకు వద్దంటున్నానంటే, ప్యూజో బెల్ హౌసింగు బోల్టులు డీఐ బ్లాకుకి కలవవు. లేతు షాపులో ప్లేటు కోయించి కలుపుతారు. కలుస్తుంది కూడా. కానీ క్రాంకు మధ్య, గేరుబాక్సు షాఫ్టు మధ్య ఒకే గీత మీద ఉండాలి, తేడా 0.1 మిల్లీమీటరు దాటితే పైలట్ బేరింగు (క్రాంకు చివర గేరుబాక్సు షాఫ్టుని పట్టుకునేది) అరవడంతో మొదలవుతుంది. తర్వాత క్లచ్ వణుకు, ఆ తర్వాత గేరు జారిపోవడం. డయల్ గేజి (సన్న తేడాలు కొలిచే ముల్లు గేజి) ఫ్లైవీల్‌కి బిగించి హౌసింగు బోరు చుట్టూ తిప్పి చూడకుండా "కంటికి సరిగ్గానే ఉంది" అనే వాళ్ళ దగ్గర ప్లేటు చేయించొద్దు. సెట్టు కొంటే ఈ బాధే లేదు. గేరు రాడ్డు చోటు మారి ఫ్లోరులో రంధ్రం కోయాలి, స్పీడోమీటరు కేబులు మార్చాలి, అంతే.

ప్యూజో ఎక్కువ తిరిగే ఇంజను, డీఐ తక్కువ తిరిగి లాగే ఇంజను. కాబట్టి వెనక హౌసింగు (వెనక యాక్సిలు మధ్యలో ఉండే గేర్ల డొప్ప) నిష్పత్తి తెలియాలి. ఒక చక్రం జాకీ మీద లేపి, రెండోది నేల మీదే ఉంచి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ఆ లోపు ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి. టైరు ఒక చుట్టుకి 2.15 మీటర్లు పోతుందనుకుంటే, 4.88 హౌసింగుతో టాప్ గేరులో 2400 ఆర్పీఎం దగ్గర గంటకి 63 కిలోమీటర్లు, 4.27తో 72. మన దగ్గర కొండలు లేవు. ఎక్కాల్సింది ఏటిగట్టు, లేదంటే గోదావరి మీద సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని దాటించే పడవ) మీంచి ఒడ్డుకి. చెరువు గట్ల మీద లోడుతో తిరిగేదానికి 4.88 ఉంటే మార్చకండి.

ఇంజను కూర్చోబెట్టేటప్పుడు డీఐ ఒరిజినల్ బ్రాకెట్లు, కొత్త రబ్బర్లు వాడండి. చాసీకి వెల్డింగ్ చేసేటప్పుడు నిలువు గోడకే చేయాలి, పైన కింద ఉన్న అంచులకి అడ్డంగా చేస్తే అక్కడే పగుళ్ళు వస్తాయి. బ్యాటరీ, డైనమో వైర్లు తీసేయడం మర్చిపోవద్దు. ముందు యాక్సిలు బంపు రబ్బరుకి తగిలినప్పుడు కూడా సంపుకీ (ఇంజను అడుగున ఉండే ఆయిల్ తొట్టికీ) యాక్సిలుకీ మధ్య రెండు వేళ్ళ ఖాళీ మిగలాలి. ఫ్యానుకీ రేడియేటరుకీ మధ్య ఓ అంగుళం. గేరుబాక్సు ఫ్లాంజి, హౌసింగు పినియన్ ఫ్లాంజి ఒకదానికొకటి సమాంతరంగా, ఒక డిగ్రీ తేడాలోపు ఉండాలి. ఫోనులో కోణం కొలిచే యాప్ చాలు. ఖాళీ బండిలో కాదు, లోడు వేసి కొలవండి, ఎందుకంటే లోడుకి వెనక స్ప్రింగులు పడి కోణం మారిపోతుంది. షాఫ్టు కోసి అతికిస్తే రెండు చివర్ల యోకులు (జాయింటు పట్టుకునే కొమ్ములు) ఒకే వరసలో ఉండాలి, తర్వాత బ్యాలెన్సింగు తప్పనిసరి.

చాలామంది మర్చిపోయేది వాక్యూమ్ పంపు. డీజిల్ ఇంజనులో బ్రేక్ బూస్టరుకి (బ్రేకు పెడలుని తేలిక చేసే డబ్బాకి) వాక్యూమ్ పంపు నుంచే రావాలి. చాలా డీఐలకి అది డైనమో వెనకే ఉంటుంది, దానికి ఇంజను ఆయిల్ వెళ్ళే సన్న పైపు, తిరిగొచ్చే లావు పైపు ఉంటాయి. డైనమో వేరే బండిది వేస్తే ఇంజను బ్రహ్మాండంగా నడుస్తుంది, బ్రేకు మాత్రం రాయిలా ఉంటుంది.

టెంపరేచర్ సెన్సరు పాత మీటరుకి కలవకపోతే ముల్లు ఎప్పుడూ కిందే ఉండి ఇంజను ఉడికిపోతుంది. సెన్సరుని మరిగే నీళ్ళలో ముంచి, వైరు తగిలించి, దాని లోహపు ఒంటిని బాడీకి ఎర్త్ చేసి, ముల్లు ఎక్కడికొస్తే అదే 100 డిగ్రీలని అద్దం మీద గీత గీసుకోండి. థర్మోస్టాట్ పీకేయొద్దు. మన వేడికి అక్కర్లేదని చాలా షెడ్లలో తీసేస్తారు, దాంతో ఇంజను సరిగ్గా వేడెక్కక బోరు త్వరగా అరిగిపోతుంది. రేడియేటరులో చెరువు నీళ్ళు పొయ్యకండి, రొయ్యల చెరువు నీళ్ళయితే అసలే వద్దు. ఆర్వో నీళ్ళు, కూలెంటు సగం సగం కలిపి పోయండి. పాత ప్యూజో హీటర్ ప్లగ్గుల (స్టార్టయ్యే ముందు సిలిండర్లని వేడిచేసేవి) రిలే వైర్లు డీఐకి అక్కర్లేదు, వాటి చివర్లు టేపు చుట్టి వదలకుండా పూర్తిగా తీసేయించండి. ఉప్పు గాలికి ఎప్పుడో ఒకప్పుడు అవే షార్టవుతాయి.

సీఆర్డీఐ సంగతి: ఈసీయూ (ఇంజను కంప్యూటరు), పూర్తి వైరింగు, సెన్సరున్న యాక్సిలరేటర్ పెడలు, తాళంలోని ఇమ్మొబిలైజరు (వేరే తాళంతో స్టార్ట్ కానివ్వనిది), అన్నీ ఒకే బండివి రావాలి. అన్నీ దొరికినా ఐసు నీళ్ళు కారే బండిలో ఆ కనెక్టర్లు పచ్చబడిపోతాయి. మైలేజీ నిజమే. రాత్రి రెండింటికి సరుకుతో గట్టు మీద ఆగిపోతే మాత్రం లాప్‌టాపున్న మెకానిక్కు కోసం చూడాలి. డీఐకి మామూలు స్పానర్లు చాలు.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు స్టాప్ కేబులు లాగి పట్టుకుని, పది సెకన్ల చొప్పున ఆగి ఆగి సెల్ఫ్ కొట్టండి, ఆయిల్ లైటు ఆరిపోయే దాకా. అప్పుడు కేబులు వదిలేసి, ఫిల్టరు దగ్గర ఎయిర్ తీసి, నాజిల్ పైపుల నట్లు ఒకటొకటిగా వదులు చేసి, సెల్ఫ్ కొడుతూ బుడగలు పోయి డీజిల్ వచ్చాక బిగించండి. మొదటి 500 కిలోమీటర్లు సగం లోడే వేయండి. తర్వాత ఆయిల్, ఫిల్టరు మార్చి, మౌంటింగ్ బోల్టులు, షాఫ్టు ఫ్లాంజి బోల్టులు మళ్ళీ బిగించి, బ్రాకెట్ల వెల్డింగు చుట్టూ రంగు చిట్లిందేమో టార్చి వేసి చూడండి.